చిన్నత్త పెళ్లిలో అవిసె దుప్పటి

మా చిన్నప్పుడు అవ్వ సందుగ మూత లేచిన చప్పుడైతే చాలు... ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి చుట్టూ మూగేవాళ్లం. బెల్లం ముక్కో, ఎండుకొబ్బరి కుడుకో దొరుకుతుందని ఆశ. సందుగ అడుగున ఒక తెల్ల దుప్పటి ఉండేది. దాన్ని ముట్టుకున్నామో, వీపు చిట్లేది!

మాది కొల్లాపూర్ పక్క పల్లె. అరవైల నాటి మాట. అంతకుముందెప్పుడో గడీలో దొరసాని బిడ్డకు పురుడు పోసినందుకు అవ్వకు ఆ దుప్పటి ఇచ్చారట. అవిసె నారతో నేసిందట. పొడి కొట్టుకుని తినే అవిసెలకు బట్ట ఎక్కడిదని ఊరంతా అవ్వను చూసి నవ్విందట. నవ్వితే నవ్వారు... తను పోయిన రోజు తన మీద అదే కప్పాలని అవ్వ అందరికీ చెప్పి పెట్టింది. నూలు దుప్పటిలా కాదు అది. ఎండాకాలంలోనూ చల్లగా, బరువుగా ఉండేది. ఒక మూల చిరిగితే అవ్వ ఎర్రదారంతో కుట్టింది.

కానీ ఆ దుప్పటి అవ్వకు దక్కలేదు. అవ్వ పెద్ద బిడ్డ, మా పెద్దత్త, తొలి కాన్పులోనే పోయింది. ఎందరికో పురుళ్లు పోసిన చెయ్యి కన్నబిడ్డను నిలుపుకోలేకపోయింది. పసిగుడ్డు మాత్రం బతికాడు. అవ్వ సందుగ తెరిచి ఆ దుప్పటి తీసి బిడ్డ మీద కప్పింది. శవం మీది బట్ట చాకలివాళ్లకు చెందడం మా వైపు ఆచారం. అట్లా అది మా ఇల్లు దాటిపోయింది.

ఏడాది తిరక్కుండానే, పిల్లవాడికి తల్లి కావాలని చిన్నత్తను పెద్దత్త భర్తయిన మామకే ఇచ్చి చేయడానికి పెద్దలు ఖాయం చేశారు.  చిన్నత్తేమో, అక్క సంసారంలోకి పోతే అక్క ఊరుకుంటుందా అని లోలోపల వణికిపోయేది. పొయ్యి ముందు కూర్చుని ఉన్నట్టుండి ఉలిక్కిపడేది. మాకూ భయమే... పెద్దత్త పోయిన అర్ర వైపు పిల్లలం ఎవరమూ తొంగి చూసేవాళ్లం కాదు.

పెళ్లినాడు పిల్లను పందిట్లోకి తెచ్చేటప్పుడు నలుగురు నాలుగు మూలలు పట్టుకుని తల మీద బట్ట ఎత్తుతారు... ఉల్లెడ అంటాం. ఆ బట్ట తెచ్చేదీ చాకలివాళ్లే. మా పాత చాకలవ్వ అప్పటికి మంచం పట్టింది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు, పాపం ఆ పిల్లకేం తెలుసు... మూటలో అన్నిటికంటే తెల్లగా ఉన్నది ఏరి తెచ్చింది.

ఉల్లెడ లేచింది. గాలికి ఎగరలేదు, నడుమ బరువుగా వంగింది. నా భుజం మీద అవ్వ చెయ్యి బిగుసుకుంది. పైకి చూస్తే... ఎర్రదారం కుట్టు. 

అవ్వ ముందుకు నడిచింది. ఆ బట్ట దించమందంటే ఎందుకో చెప్పాలి. చెబితే పెళ్లి ఆగినట్టే. అంత అపశకునం జరిగిన పిల్లకు మళ్లీ ముడి వేసేదెవరు?

అప్పటికే చిన్నత్త కూడా తలెత్తి చూసింది. ముఖంలో నెత్తురు లేదు. అవ్వ నోరు తెరిచేలోగా తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి అమ్మా... అక్కకు కోపమొచ్చిందేమో అనుకుంటున్న గిన్నొద్దులు. పెండ్లికొచ్చింది గదా. అక్క నీడల్నే పోత."

అవ్వ ఆ దుప్పటి కొసను కళ్లకద్దుకుని పక్కకు తప్పుకుంది. చిన్నత్త తల వంచుకుని పందిట్లోకి నడిచింది. ఆ తర్వాత ఆమె ఉలిక్కిపడగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ అవిసె బట్టనే షాపుల్లో లినిన్ అంటున్నారు. చేత్తో తాకితే అదే చల్లదనం... ఒళ్లు జలదరిస్తుంది, ఇప్పటికీ ఒక్కటీ కొనలేదు. పందిళ్లకేమో కిరాయి పరదాలొచ్చాయి. తల మీద ఎవరి నీడా లేకుండానే నడిచిపోతున్నారు పిల్లలు.

మీ ఇంట్లో కూడా పోయినవాళ్లు ఎప్పుడైనా పెళ్లికి వచ్చారా... వచ్చి ఉంటే చెప్పండి, నేను నమ్ముతాను.