ఊటీలో ఉడకని పప్పు

ఆ రోజుల్లో మా వరంగల్ వాళ్ళకు గుట్టలు తెలుసు గానీ కొండలు తెలియవు. ఎటు చూసినా బండరాళ్ళ గుట్టలే. ఎండాకాలం వాటి పక్కన నడిస్తే ఇటుకబట్టీ పక్కన నడిచినట్టుండేది. పచ్చగా, చల్లగా, నెత్తిన మబ్బు పెట్టుకుని నిలబడే కొండల్ని నేను చూసింది మా కిరాణా దుకాణం గోడకు వేలాడే టీపొడి క్యాలెండర్‌లోనే. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, మే నెల చెమట తుడుచుకుంటూ, రోజుకు పదిసార్లయినా ఆ బొమ్మలోకి వెళ్ళి వచ్చేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో (అది ఎనభై రెండో, ఎనభై మూడో, మా ఆవిడనడిగితే తారీఖుతో సహా చెబుతుంది కనుక అడగను) ధైర్యం చేసి ఊటీ మాట ఎత్తాను. మా ఆవిడది డోర్నకల్, రైల్వే గుమాస్తా కూతురు. పుట్టినప్పటి నుంచీ రైళ్ళు ఎటెటో పోవడం చూసిందే గానీ తాను మాత్రం హనుమకొండ కాలేజీకి తప్ప ఎక్కడికీ పోలేదట. "ఏం కొనియ్యకున్నా మంచిదే. చుట్టూ అన్ని కొండలు కనిపించే కాడ ఒక్కసారి నిలబెట్టుండ్రి, చాలు," అంది. నేను మాటిచ్చేశాను. అప్పటికి నా వయసు ఇరవై నాలుగు, మాటలివ్వడానికి ఏమాత్రం వెనకాడని వయసు.

"ఊటీయా? పో, మంచిదే," అన్నాడు బాపు, అంటే మా నాన్న. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటని నేను సంబరపడేలోగానే, "మేం గూడ వస్తం. కొత్త పిల్లను తీస్కొని ఒక్కనివే అంత దూరం పోతే బజార్ల నలుగురు ఏమనుకుంటరు?" అని ముగించాడు. అలా మా హనీమూన్‌కు నలుగురం బయలుదేరాం. అమ్మ బయటి తిండి ముట్టదు. కనుక కిరసనాయిలు స్టవ్వు, గిన్నెలు, బియ్యం, చింతపండు, మూడు రకాల పచ్చళ్ళు సర్దారు. (పెళ్ళికి వచ్చిన ప్రెషర్ కుక్కర్‌ను మా ఆవిడ సంచిలో పెట్టబోతే, "వద్దు బిడ్డా, అది రైల్ల పేల్తే ఎట్ల?" అని అమ్మ తీసి అటక మీద పెట్టింది.) అన్నిటికన్నా ముఖ్యంగా, బాపు తన చేత్తో కట్టిన మా దుకాణం కందిపప్పు సంచి.

ఆ పప్పు గురించి కొంచెం చెప్పాలి. బాపుకు ప్రపంచంలో గర్వకారణం ఒక్కటే, తను అమ్మే కందిపప్పు. మార్కెట్లో బస్తా విప్పించి, గుప్పెడు తీసి, ఒక గింజ పంటి కింద కటుక్కుమనిపించి, కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఆలోచించి గానీ బేరం మొదలుపెట్టేవాడు కాదు. "నా పప్పు ఉడకకపోతే ఆ గిన్నె అట్లనే పట్టుకరా, వాపస్ తీసుకుంట," అని దుకాణం మెట్ల మీద నిలబడి చెప్పేవాడు. నాకు తెలిసి ఒక్కరూ గిన్నె పట్టుకుని రాలేదు. హసన్‌పర్తిలో ఆ వారమే ఒక పెద్ద పెళ్ళి ఉంటే, మేము బయలుదేరే ముందు రోజు మూడు బస్తాలు పంపాడు. మా సంచిలోదీ అదే సరుకు.

మద్రాసు మీదుగా, ఆ తర్వాత మెట్టుపాళయం నుంచి బొమ్మలాంటి చిన్న రైలెక్కి ఊటీ చేరేసరికి మబ్బు కమ్మేసి పక్కన నిలబడ్డ మనిషే కనిపించలేదు. సత్రంలో గది దొరికింది. రేపు పొద్దున్నే దొడ్డబెట్ట శిఖరం, సాయంత్రం చెరువులో పడవ అని నేను మా ఆవిడకు చెవిలో చెప్పాను. తెల్లారి చూస్తే ఎండ కాసింది, ఆకాశం కడిగినట్టుంది. నేను బూట్లు కట్టుకుని నిలబడ్డాను. "ఇంత పప్పన్నం తిని పోదాం, ఆడ ఎవడు పెడ్తడు?" అన్నాడు బాపు. అమ్మ స్టవ్వు ముట్టించి పప్పు పడేసింది.

గంటైంది. అమ్మ గరిటెతో ఒక గింజ తీసి నలిపింది, నలగలేదు. ఇంకో గంటైంది. గింజ గింజలాగే ఉంది. అమ్మ ఒత్తులు పెంచింది, ఉప్పు వేయలేదని ఒట్టు పెట్టింది, చివరికి నీళ్ళు మార్చి మళ్ళీ మొదలుపెట్టింది. బాపు స్టవ్వు ముందు గొంతుక్కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈలోగా మా ఆవిడ నన్ను వరండాలోకి పిలిచి, "ఇగో, ఇంత ఎత్తు మీద నీళ్ళు తక్కువ వేడికే మసులుతయి. పప్పుకు ఆ వేడి చాలదు. మామయ్యకు మీరే చెప్పుండ్రి," అంది. కొత్త కోడలు, ఆమె అప్పటిదాకా మామగారితో నేరుగా ఒక్క మాటా మాట్లాడలేదు. నేను (ఇంటర్‌లో ఫిజిక్స్ రెండుసార్లు తప్పినవాణ్ణి) లోపలికెళ్ళి, "బాపూ, కొండ మీద నీళ్ళు సరిగ్గ కాగవట," అన్నాను.

"కండ్లు కనవడ్తలేవారా? ఎట్ల మసులుతున్నయో చూడు," అన్నాడు బాపు. నిజమే, నీళ్ళు కుతకుతలాడుతున్నాయి.  బయటికొచ్చి, "చెప్పిన, వినలేదు," అన్నాను గంభీరంగా.

మధ్యాహ్నానికి మళ్ళీ మబ్బు కమ్మింది. దొడ్డబెట్ట పోయింది, పడవ పోయింది. పచ్చడి మెతుకులు తిన్నాం. బాపు మాత్రం తినలేదు. ఉన్నట్టుండి లేచి చొక్కా తొడుక్కున్నాడు. "టెలిగ్రాం ఆఫీసు ఎక్కడున్నదో కనుక్కోరా. హసన్‌పర్తి పెండ్లోళ్ళకు తారు కొట్టాలె, ఆ పప్పు పొయ్యి మీద పెట్టకుండ్రని. ఐదు వందల మంది పంక్తిల కూసున్నంక పప్పు ఉడకకపోతే, ఇగ నేను ఆ బజార్ల ఏ మొఖం పెట్టుకొని దుకాణం తీస్త?" చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. మా బాపు తడబడడం నేను చూడడం అదే మొదటిసారి.

అప్పుడు తలుపు వెనక నుంచి మా ఆవిడ ముందుకొచ్చింది. "మామయ్యా, మీ పప్పు మంచిదే," అంది.  "ఈడ గాలి పల్చగ ఉంటది. అందుకే నీళ్ళు తొందరగ మసులుతయి, కానీ అంత వేడి ఉండవు. కిందికి దిగితే ఇదే పప్పు, ఇదే స్టవ్వు మీద ఉడుకుతది."

బాపు గిన్నెలోంచి ఒక గింజ తీసి చూశాడు. "అంటే తప్పు కొండది. పప్పుది కాదు."

"కొండదే మామయ్యా."

"పక్కానా?"

"పక్కా."

"గట్లయితే కిందికి దిగి చూద్దాం," అన్నాడు బాపు. "ఉడికిందా, ఫికర్ లేదు. ఉడకలేదా, అక్కడికక్కడే తారు కొడ్త." పెళ్ళికి ఇంకా రెండు రోజులుందిలే అని అమ్మ కూడా సరేనంది. నాలుగు రోజులకని వచ్చిన వాళ్ళం మర్నాడు పొద్దున్నే, మబ్బులోనే, బస్సెక్కాం. ఘాట్ రోడ్డు పొడుగునా నేను ఒళ్ళోని పప్పు సంచినే చూస్తూ కూర్చున్నాను.

మెట్టుపాళయంలో స్టేషనుకు దగ్గరగా ఒక సత్రం పెరట్లో స్టవ్వు వెలిగించారు. చుట్టూ నలుగురు తమిళ యాత్రికులు చేరి, ఇదేదో పూజ అనుకున్నట్టున్నారు, భక్తిగా చూశారు. ముప్పావు గంట కాకముందే అమ్మ గరిటె తిప్పి, "మెదిగింది!" అని కేకేసింది. బాపు వేళ్ళతో ఇంత తీసుకుని, కాలుతున్నా నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కళ్ళల్లో నీళ్ళు (నోరు కాలినందుకే అన్నాడు). "కూసో బిడ్డా, ముందు నువ్వు తిను," అని విస్తరి వేసి, కోడలికి తన చేత్తో వడ్డించాడు. "ఇంకా ఏమేం చదివినవ్?" అనడిగాడు. ఆమె చెప్పసాగింది. మా ఇంటికి వచ్చి రెండు నెలలైనా అన్ని మాటలు ఆమె నోటి నుంచి అదే మొదటిసారి వినడం. గాలికి బరువుంటుందని చెబితే బాపు నోరు తెరిచి, "ఎంత, కిలోల లెక్కన?" అన్నాడు.

నేను ఆఖరి ఆశగా, "బాపూ, ఇగ ఫికర్ లేదు గదా, మళ్ళ పైకి పోదామా? ఇంకా రెండు రోజులున్నయి," అన్నాను. అమ్మ నా వైపు జాలిగా చూసి, "పప్పు ఉడకని ఊర్ల రెండు రోజులు ఏం తిని బతుకుతంరా?" అంది. అంతటితో మా ఊటీ అయిపోయింది.

నేను మూతి ముడుచుకుని అన్నం కలుపుతుంటే మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "అటు చూడుండ్రి. పైకి పోతే పప్పు గిన్నె, మబ్బులే కనిపించినయి. కొండలు ఈడికెల్లి కనిపిస్తున్నయి. అన్నీ." నన్ను ఓదారుస్తోందనుకున్నాను, మాటిచ్చి తప్పానని దెప్పుతోందని కూడా అనుకున్నాను. తలెత్తి చూడలేదు. వరంగల్ చేరేదాకా అదే మొహం.

ఆ తర్వాత బాపు ఏ కొత్త సరుకు తెచ్చినా ఒక గుప్పెడు కోడలికి చూపించి గానీ దుకాణంలో పెట్టలేదు. మేమిద్దరం ఊటీకి మళ్ళీ పోనేలేదు. పిల్లలు, దుకాణం, ఆ తర్వాత మోకాళ్ళు. ఇప్పుడు ఆ ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి తలచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం కోపమూ వస్తుంది. ఎదురుగా వరసగా నీలం కొండలు, పక్కన వాటిని చూసి నవ్వుతున్న పెళ్ళాం, చేతిలో పొగలు కక్కే పప్పన్నం. వాడేమో విస్తరిలోకి చూస్తూ, కొండలు చూడలేకపోయానే అని ఏడుస్తున్నాడు.