కల్వంలో నూరిన క్యాప్సూల్

2003. టెక్కలిలో ఇరవై పడకల చిన్న ఆసుపత్రి. నేను స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి పన్నెండేళ్లు. డైటీషియన్, అంటే రోగి ఏం తినాలో చెప్పే మనిషి, మాకు లేరు. నాకు నోరెక్కువని డాక్టరుగారు ఆ పని నాకే అంటగట్టారు. నాకూ ఇష్టమే. ఎవరింట్లో ఏం వండుకున్నారో దర్జాగా అడిగే ఉద్యోగం ఇంకేముంది చెప్పండి?

సలోమి ఆ వేసవిలో వచ్చింది. ఉద్దానం పిల్ల, పలాసలో జీడిపప్పు ఏరే పని. పాతికేళ్ల వయసుకి ముప్పై నాలుగు కిలోలు. వెంట తల్లి రాహేలమ్మ. జబ్బు పేరు క్రానిక్ పాంక్రియాటైటిస్. పొట్ట వెనకాల ఉండే క్లోమగ్రంథి ఏళ్ల తరబడి వాచి పాడైపోతుంది. తిండి అరగడానికి కావలసిన ఎంజైములు, అంటే జీర్ణరసాలు, చాలినంత రావు. తిన్న నూనె విరేచనంలో తేలిపోతుంది. తాగేవాళ్లకే వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, సలోమి ఆదివారం ఆదివారం చర్చిలో పాటలు పాడే పిల్ల, కల్లు వాసన కూడా ఎరగదు.

క్లోమంలో రాళ్లు కూడా ఉన్నాయి. ఆపరేషన్ చేస్తే నొప్పి తగ్గుతుందని, కానీ ఇంత బలహీనంగా ఉన్న మనిషిని బల్ల ఎక్కించనని విశాఖపట్నంలో సర్జన్‌గారు తేల్చి చెప్పారు. మూడు నెలల్లో ముప్పై ఎనిమిది కిలోలకు తెమ్మన్నారు. నాలుగు కిలోలు! నేను చీర కొంగు దోపినంత పని చేశాను.

నొప్పి మొదలైన కొత్తలో ఊళ్లో అందరూ కిడ్నీ అనుకున్నారట. ఇంటింటా కిడ్నీ రోగులుండే మా ఉద్దానంలో ఎవరికే నొప్పొచ్చినా ముందు ఆ భయమే. పప్పు మానిపించారు, చేప మానిపించారు, తర్వాత నూనె కూడా. రెండేళ్లుగా ఆ పిల్లది చారన్నం పత్యం. రోజంతా జీడిపప్పు ఏరే చేతులు, ఒక్క పలుకు నోట్లో వేసుకునే ధైర్యం లేదు. నేను ఆ పత్యమంతా కొట్టేసి గుడ్డు, చేప, పప్పు, కాస్త నూనె రాశాను. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం తినాలి. డాక్టరుగారు ఎంజైమ్ క్యాప్సూళ్లు రాశారు.

నెల గడిచింది. ముప్పై మూడున్నర! ఉన్నది కూడా తగ్గింది.

నాకు ఒళ్లు మండింది. మందులు వేస్తున్నారా అంటే తల్లి వేస్తున్నానంటుంది. వేస్తే ఇలా ఎందుకుంటుంది? వరండాలో పదిమంది ముందు, అబద్ధాలు చెప్పకండని రాహేలమ్మ మీద కేకలేశాను. ఆవిడ కూతుర్ని లేపుకుని బస్సుకి నడిచింది.

ఆ వారంలోనే నొప్పి ఎక్కువై సలోమి వార్డులో చేరింది. మర్నాడు పొద్దున్న రాహేలమ్మ ఒక చేత్తో క్యారేజీ, ఇంకో చేత్తో రాతి కల్వం పట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నానబద్దమాడే మనిసినేటి? నీ కల్ల ముందరే ఏత్తాను, కూకోని సూడు సిస్టరమ్మా."

కూర్చున్నాను. ఆవిడ మూడు క్యాప్సూళ్లు విప్పి, లోపలి గింజలు కల్వంలో పోసి, గంధంలా మెత్తగా నూరింది. క్యారేజీ మూత తీస్తే గంజి పొగలు కక్కుతోంది. పొడంతా అందులో కలిపింది. ఎందుకిలా నూరుతున్నావని అడిగాను.

"కూడే అరగనేని పిల్లకి గట్టి మందెలా అరుగుతాదమ్మా? అందుకే నూరి, ఏడేడి గంజిలో పోత్తన్నాను. మద్దేనం పనికాడుంటాది కదా, మూడు పూటలదీ పొద్దున్నే ఏసేత్తాను. ఒక్క దినం మాన్నేదు."

నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. ఆ కల్వం పట్టుకుని డాక్టరుగారి గదికి పరుగెత్తాను. దొరికింది సార్, దొరికింది అంటుంటే ఆయనకేమీ అర్థం కాలేదు. ఆ గింజల మీద ఎంటెరిక్ కోటింగ్ అనే పొర ఉంటుంది. కడుపులో ఆమ్లానికి మందు చెడిపోకుండా పేగుదాకా కాపాడేది అదే. నూరితే ఆ పొర పోతుంది. వేడి గంజి మిగిలిన పని పూర్తి చేస్తుంది. ఒకవేళ మందు బతికినా గంజిలో అరిగించడానికేముంది? చేప, గుడ్డు తినే మధ్యాహ్నం మందే లేదు.

ఆ మధ్యాహ్నమంతా సలోమికి క్యాప్సూల్ మింగడం నేర్పించాను. గొంతులో అడ్డం పడుతుందని కళ్లనీళ్లు పెట్టుకుంది. చల్లటి పెరుగన్నం ముద్దలో పెట్టి ఇచ్చాను. నాలుగోసారికి గుటుక్కున దిగింది. ఇక తిన్న ప్రతిసారీ ముద్దల మధ్య క్యాప్సూల్, పనికి వెళ్లినా కొంగున ముడి వేసుకుని.

పది రోజులకు అరకిలో పెరిగింది. విరేచనంలో నూనె తగ్గింది. తర్వాత వారానికి వారానికి ముల్లు కదులుతుంటే నాకు తూకం రోజు పండగే. గడువుకి మూడు రోజుల ముందు ముల్లు ముప్పై ఎనిమిది దాటింది. సలోమి నమ్మలేదు.

"ఇది నా బరువేనా సిస్టరమ్మా, సీర బరువా?"

పోయినసారీ చీర కట్టుకునే ఎక్కావు కదే అని, ఆ పిల్లని గట్టిగా కౌగిలించుకున్నాను. సర్జన్‌గారికి ఫోన్ చేస్తే సోమవారం తీసుకురమ్మన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది.

వాళ్లు విశాఖ బస్సెక్కే ముందు, పదిమందిలో కేకలేసినందుకు రాహేలమ్మకి అదే వరండాలో, పదిమందిలోనే క్షమాపణ చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కూకోని సూసినావు కదమ్మా, సాలు" అంది.

మందు వేసుకుంటున్నావా అని అడిగి ఊరుకోవడం ఆనాటితో మానేశాను. ఎలా వేసుకుంటున్నావో చూపించమంటాను. నెల రోజులపాటు, మా ఆసుపత్రికి వచ్చేవాళ్లందరికంటే శ్రద్ధగా మందు ఇచ్చిన మనిషిని నేను అబద్ధాలకోరు అన్నాను.