ఆగకుండా వినే సర్వర్

మా ల్యాబ్ మేడం ఇక లేరని తార్నాక మెట్రో మెట్లు దిగుతుంటే తెలిసింది. ఫోన్ చేసింది వాళ్ళాయన. "పొద్దున్నే పోయిందమ్మా," అన్నారు, అంతే. ఏం చేయాలో తోచక క్యాంపస్‌కే నడిచాను. ల్యాబ్ తెరిచి, అలవాటుకొద్దీ హాజరు పేజీ చూశాను. మేడం పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. ఆమె వచ్చి ఉన్నారని దాని అర్థం.

పేజీ మూసి మళ్ళీ తెరిచాను. చుక్క అలాగే ఉంది.

ఆ పేజీని నడిపే సర్వర్‌ను నాతో పైథాన్ భాషలో రాయించింది ఆమే. అప్పుడు నేను అడిక్‌మెట్‌లో రూమ్ తీసుకుని చదువుకుంటున్నాను. నా మొదటి ప్రోగ్రామ్, ఎవరైనా పేజీ అడిగిన ప్రతిసారీ కొత్తగా మొదలై, జవాబిచ్చి ఆగిపోయేది. మేడం చూసి, "పిలిచినప్పుడల్లా పుట్టి చచ్చిపోతే, ఇంతకుముందు ఎవరొచ్చిన్రో దానికెట్ల యాదికుంటది? ఆగకుండ వినేది రాయి," అన్నారు.

రాశాను. అది రోజూ కూలిపోయేది. నాకు రాదు, చదువు మానేసి ఊరికి పోతానని ఏడ్చిన రోజు, ఆమె వచ్చి పక్కన కూర్చున్నారు. హాజరు పేజీలో ఎవరో పేరు రాయకుండా పంపితే మొత్తం ఆగిపోతోందని ఇద్దరం కలిసి కనిపెట్టాం. "ఒక్కరు తప్పుగ అడిగితే అందరికీ తలుపు మూస్తవా? ఆ ఒక్కటి పక్కకు పెట్టు, మిగతావాళ్ళది విను," అన్నారు. ఇవాళ ఇదే ల్యాబ్‌లో కూర్చుని పిల్లల ప్రోగ్రాములు దిద్దుతున్నానంటే ఆ మధ్యాహ్నమే కారణం.

ఖాళీ ల్యాబ్‌లోకి వచ్చేటప్పుడు కూడా ఆమె తలుపు తట్టేవారు. ఎవరున్నారని అడిగితే, "నడుస్తున్నది ఒకటి ఉన్నది గద," అనేవారు సర్వర్‌ను చూపించి, నవ్వకుండా.

పచ్చచుక్క సంగతి సాయంత్రానికి అర్థమైంది. ఇంట్లో ఆమె తెరిచి ఉంచిన లాప్‌టాప్ నిమిషానికోసారి సర్వర్‌ను పలకరిస్తోంది. అర్థమయ్యాక కూడా ఆ పేరు కనబడకముందే పేజీ మూసేసేదాన్ని. ఇంతలో ఈ సర్వర్ నడిచేదానితో సహా ల్యాబ్‌లో పాత మెషీన్లన్నీ తీసేయమని కాలేజీవాళ్ళు చెప్పారు. సర్వర్ ఆపేస్తున్నానని చెప్పి రావడానికి ఒక మధ్యాహ్నం తార్నాకలో వాళ్ళింటికి వెళ్ళాను.

లాప్‌టాప్ బల్లమీద అలాగే తెరిచి ఉంది. "మూయబుద్ధి కాలే," అన్నారు అంకుల్. ఫోన్‌లో పేజీ చూపించి, అదెందుకు వెలుగుతోందో చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, లేచి, మూత మెల్లగా దించారు. ఇద్దరం ఫోన్‌లో చుక్కనే చూశాం. కొన్ని నిమిషాలకు చుక్క ఆరిపోయింది.

"పోయిందా?"

"పోయింది అంకుల్."

"మరి నీ సర్వర్ ఇప్పుడేం చేస్తది?"

"వింటనే ఉంటది. ఎవరన్న పిలుస్తరేమోనని."

ఆయన తలూపారు. కాసేపటికి మూత మళ్ళీ ఎత్తారు. ఫోన్‌లో చుక్క మళ్ళీ వెలిగింది. నేను చెప్పడానికి వచ్చిన మాట చెప్పలేదు. కొత్త మెషీన్‌లోకి మార్చి నడిపిస్తానని మాత్రం అన్నాను.

"మంచిది. కూసో, చాయ్ తెస్త," అని లోపలికి వెళ్ళారు. తెచ్చిన పళ్ళెంలో మూడు కప్పులున్నాయి. మూడోది ఆయన లాప్‌టాప్ ముందు పెట్టారు. చాయ్ ఆవిరి దాని తెర కింది అంచున పట్టింది, మెల్లగా తగ్గింది, మళ్ళీ పట్టింది.