రూతమ్మ టీచర్ సెలవుల్లో చేసిన పనులు

మొన్న మా మనవరాలు గాలిపటం అంటించడానికి పొయ్యి మీద మైదాపిండి జిగురు కాచింది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం కూడా వేసింది. ఆ వాసన ముందుగదిలోకి వచ్చేసరికి నా చేతిలోని పేపరు జారిపోయింది. ఒళ్లో వేళ్లు వాటంతటవే కదిలాయి. పలచటి చెక్కరేకును నాలుగుచోట్ల వంచి, నీలం కాయితం చుట్టి, బొటనవేలితో అదిమితే ఒక అగ్గిపెట్టె. ఆ పని వదిలి అరవై ఏళ్లు దాటినా వేళ్లు మర్చిపోలేదు. వాసన వెనకే రూతమ్మ టీచర్ వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నట్టయింది. ఆ పూట ఇంక ఏ పనీ చెయ్యలేకపోయాను.

మాది అరవదేశంలో విళాత్తికుళం పక్కన ఒక నల్లరేగడి పల్లె. వరసగా రెండేళ్లు వానలు లేక మిరపచేలు మాడిపోతే, మా నాయన మమ్మల్ని వెంటబెట్టుకుని కోవిల్‌పట్టికి వచ్చేశాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఆ ఊరి ఆడపిల్లల బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివాను. రూతమ్మగారు అక్కడ టీచరు. తెలుగు మాట్లాడే క్రైస్తవుల ఇంటి మనిషి. బడిలో అరవంలో పాఠం చెప్పేవారు, గంట కొట్టాక మాలాంటి పిల్లలతో మా ఇళ్లలోని తెలుగులోనే మాట్లాడేవారు. పొట్టిగా ఉండేవారు. నడక మాత్రం చాలా వేగం. పక్కన నడవాలంటే మేం పరుగెత్తాల్సివచ్చేది.

ఎనిమిది పూర్తికాగానే అమ్మతో పాటు నేనూ అగ్గిపెట్టెల ఆఫీసులో పనికి కుదిరాను. మా వైపు ఆ షెడ్లను ఆఫీసులనే అంటారు. అది ముప్పయ్యవ దశకం మొదలు, నాకు పదహారో ఏడు నడుస్తోంది. ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడు పొద్దున్నే రూతమ్మ టీచర్ తెల్లచీర కొంగు బిగించుకుని, చద్దిమూటతో మా షెడ్డులోకి వచ్చారు. మేస్త్రీ గబగబా లేచి నిలబడి, ఎవరికోసం వచ్చారని అరవంలో అడిగాడు. "పనికి" అన్నారామె. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. వచ్చి నా పక్కన చతికిలబడి, జిగురు గిన్నె దగ్గరికి లాక్కున్నారు. మధ్యాహ్నానికి ఆమె వేళ్ల కొసలు ఎర్రగా కమిలిపోయాయి. పెట్టెలు ఒక్కటీ చక్కగా రాలేదు.

"నీది చూడు పిల్లా, దువ్విన కొప్పు మాదిరి ఉండాది. నాది గాలికి ఒరిగిన పాక" అన్నారు.

ఆవిడకి ఈ ఖర్మేమిటని సాయంత్రం దారిలో అమ్మని అడిగితే రాజమ్మ సంగతి చెప్పింది. రాజమ్మ నాకంటే మూడేళ్లు ముందు బడి ముగించిన పిల్ల. ఎక్కడ పని చేస్తే మంచిదని టీచర్ని అడిగింది. పత్తి మిల్లులో అయితే నీడపట్టున ఉంటావని టీచర్ చెప్పారు. ఆ మిల్లు లోపల ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు, రోడ్డు మీంచి చూసిందే. గింజలు వేరుచేసే యంత్రానికి పత్తి అందిస్తూ రాజమ్మ రెండు వేళ్లు పోగొట్టుకుంది. ఆ రోజు టీచర్ వాళ్ల గుమ్మంలో కూర్చుని, "నేను చూడని చోటికి పిల్లని పంపినాను" అని రాజమ్మ తల్లికి చెప్పుకుని ఏడ్చారట. తర్వాతి సెలవుల్లో మొదట ఆ మిల్లుకే పోయి, రాజమ్మ నిలబడిన చోటే నెలరోజులు నిలబడి పత్తి అందించారు. ఆ తర్వాత మిరపకాయల గోదాము, ఆ పైన వేరుశెనగ మిఠాయి వండే కొట్టం. సెలవు వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని. బడి ముగించే పిల్లల్ని కూర్చోబెట్టి, ఏ పనిలో ఎక్కడ దగ్గు వస్తుందో, ఎక్కడ నడుము పోతుందో, ఎక్కడ మేస్త్రీ మంచివాడో అన్నీ చెప్పేవారు. ఊళ్లో చాలామంది ఆమెకి కాస్త పిచ్చి అనుకునేవారు. అమ్మ కూడా అనుకునేది.

టీచర్ వచ్చిన వారం తర్వాత, మందు అద్దిన పుల్లలు పేర్చిన చట్రం ఒకటి భగ్గుమంది. దాన్ని పట్టుకున్న ఒక కూలామె చెయ్యి కాలింది. అందరూ బయటికి పరుగెత్తారు. నేను తాగేనీళ్ల కుండలో ఆమె చెయ్యి ముంచి, ఏడుపు తగ్గేదాకా అలాగే పట్టుకుని, తర్వాత నా ఓణీ చింపి వదులుగా చుట్టాను. గొప్పేమీ కాదు, దగ్గరున్నాను కాబట్టి చేశాను. సాయంత్రం టీచర్ నాతో నడిచారు. ఆ రోజు మాత్రం మెల్లగా నడిచారు.

"ఎవురు నేర్పించినారు నీకు అట్ల?"

"ఎవురూ ల్యేదు టీచరమ్మా. ఆమె ఏడుస్తా ఉండె గదా."

"తోలు ఊడింది చూస్తే పారిపోవాలనిపించల్యేదా?"

"అనిపించింది. ముందు చెయ్యి చూడాల గదా."

ఆమె ఆగిపోయారు. "నీకు ఏ పని ఇష్టమని నేను అడగను, అమ్మణ్ణీ. ఇష్టం నెలకొకతూరి మారతాది. ఏ పనిలో కష్టం నువ్వు మొయ్యగలవో అది చూస్తాను" అన్నారు.

విరుదునగర్‌లో ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉందనీ, అక్కడ ఎనిమిది చదివిన ఆడపిల్లలకి నర్సు పని నేర్పుతారనీ అప్పుడే మొదటిసారి విన్నాను. వెంటనే పంపమని బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు. "ముందు నేను పోయి వస్తాను" అన్నారు. డిసెంబరు దాకా ఆగాల్సివచ్చింది. క్రిస్మస్ పండగ కూడా ఇంట్లో చేసుకోకుండా ఆ సెలవుల్లో ఆసుపత్రికి వెళ్లారు. నర్సు పని చెయ్యనివ్వరు కాబట్టి గుడ్డలు ఉతికే, గదులు కడిగే పనికి చేరారు. పద్నాలుగు రోజులు చేసి వచ్చి, నేరుగా మా ఇంటికి వచ్చి నేల మీద కూర్చున్నారు.

అమ్మ ముఖం తిప్పుకుంది. "పెండ్లి కావాల్సిన పిల్ల పీతిగుడ్డలు ఎత్తితే ఎవురు చేసుకుంటారు? మీ మతంలో కలిపేసుకుంటే మేము ఏ మొగంతో తిరగాల?"

టీచర్ ఏదీ దాచలేదు. "ఎత్తాల లచ్చక్కా. నేను ఎత్తినా. రెండుతూర్లు కక్కుకున్నా. చీము ఉంటాది, చావు ఉంటాది, పెద్ద నర్సమ్మ నోరు మంచిది కాదు. పొద్దున జపం చేస్తారు, పిల్లని కూచోమంటారు. మొక్కమని మెడ వంచరు. వంచితే నేనే పోయి తోలుకొస్తా. ఇంగ పెండ్లి సంగతి నాకు తెల్దు. తెలియంది చెప్పను."

 అమ్మ ఇటు తిరిగి, "చేతులు చూపీ" అంది. గుడ్డలు ఉతికే సోడాకారానికి టీచర్ అరచేతులు పగిలి గీతలు గీతలుగా ఉన్నాయి. అమ్మ లోపలికి పోయి ఆముదం తెచ్చి, ఆ చేతులు తన ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

"నీ కడుపున పుట్టినదానికైనా ఇట్ల చేసిందువా?"

"పుట్టల్యేదు గదా, ఎట్ల చెప్పేది?" అన్నారు టీచర్.

అమ్మ రాస్తూనే, తల ఎత్తకుండా, "తోలుకుపో" అంది. గుమ్మంలో కూర్చుని వింటున్న నాయన అప్పటికే నా బట్టలు మూటకట్టమన్నాడు.

రైల్లో ఆమే నాతో వచ్చారు. సాత్తూరు దాటాక, కిటికీలోంచి చేలు చూస్తూ చెప్పారు: "మీ అమ్మకి ఒక మాట చెప్పల్యేదు. ఒక దినం మనుషులు చాలక నన్ను పిలిచి, ఒక ముసలామె కాలిపుండు కడగమన్నారు. కడుగుతా ఉంటే నాకు బడి గుర్తు రాల్యేదు, ఇల్లు గుర్తు రాల్యేదు. పదారేండ్లప్పుడు ఎవురైనా నాకు ఆ గది చూపించి ఉంటే నేను టీచర్ని అయ్యేదాన్నే కాదు."

"ఇప్పుడు రావచ్చు గదా టీచరమ్మా, నాతోనే."

"ఇప్పుడు చేర్చుకోరు అమ్మణ్ణీ. వయసు దాటిపోయింది" అని నవ్వారు. పదహారేళ్లదాన్ని, నేనూ నవ్వాను.

మొదటి నెల పారిపోవాలనిపించిన మాట నిజం. కానీ ఎదురైన ప్రతి కష్టమూ ఆమె ముందే చెప్పినదే. పెద్ద నర్సమ్మ నోటితో సహా. ఎవరూ నన్ను మోసం చెయ్యలేదన్న ధైర్యం ఒక్కటీ నన్ను నిలబెట్టింది. అక్కడ పని నేర్చుకున్న నాలుగేళ్లలో టీచర్ మూడుసార్లు వచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు నేను తెల్లబట్టల్లో, తల మీద గుడ్డ కట్టుకుని, ఒకామె కాలికి కట్టు కడుతున్నాను. టీచర్ వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. పలకరించలేదు. నా చేతుల్నే చూస్తున్నారు. దూది, కత్తెర, గిన్నె ఉన్న పళ్లేన్ని చూస్తున్నారు. ఒకసారి చెయ్యి చాచి దాని అంచు తాకారు. పెద్ద నర్సమ్మ వచ్చే వేళయింది. కొత్తగా వచ్చిన హోదా కూడా నన్ను తొందరపెట్టింది. "చూడ్డానికి వచ్చినవాళ్ల టైము అయిపోయింది టీచరమ్మా" అన్నాను.

"అవునవును" అని ఆమె వెంటనే వెనక్కి జరిగారు. కొంగు సర్దుకుని, ఎప్పటిలాగే గబగబా వెళ్లిపోయారు.

అదే ఆఖరు. తర్వాత నాకు నెల్లూరులో పని దొరికింది. అక్కడికి వచ్చిన రెండో ఏడు, విషజ్వరంతో టీచర్ పోయారని అమ్మ ఎవరిచేతనో ఉత్తరం రాయించింది. ఉత్తరం నాకు చేరేసరికి అన్నీ ముగిసి పదిహేను రోజులైంది. ఏ ఆసుపత్రికీ తీసుకెళ్లలేదట. ఎవరు ఒళ్లు తుడిచారో, ఎవరు నీళ్లు తాగించారో ఉత్తరంలో లేదు.

ముప్పయ్యేళ్లు నెల్లూరులోనే చేశాను. తెలుగు చదవడం, రాయడం అక్కడే నేర్చుకున్నాను. మొదట్లో నేను నోరు తెరిస్తే తోటి నర్సులు నవ్వేవారు, ఏ కాలం నాటి మాటలే ఇవి అని. మెల్లగా నా మాట మారిపోయింది. ఇప్పుడు "అమ్మణ్ణీ" అని పిలిచేవాళ్లు లేరు. పిలిస్తే పలకడానికి మాత్రం నేనున్నాను.

నా కింద పని నేర్చుకోవడానికి చాలామంది పిల్లలు వచ్చారు. టీచర్ చేసినట్టు సెలవులు పోగొట్టుకుని వాళ్లకోసం ఊరూరా తిరగలేదు. అంత మనిషిని కాను. ఒక్కటి మాత్రం చేశాను. వార్డులో కట్టు కడుతున్నప్పుడు, మంచం పక్కన ఎవరైనా మాట్లాడకుండా నిలబడి నా చేతుల్నే చూస్తుంటే, వేళ మించినా పొమ్మనలేదు. "చేతులు కడుక్కుని రండి, ఇది పట్టుకుందురుగాని" అని గిన్నె అందించేదాన్ని. కొందరు భయపడి వెళ్లిపోయేవారు. కొందరు తీసుకునేవారు. తీసుకున్న ప్రతిసారీ నేను తల ఎత్తి ముఖం చూసేదాన్ని.