అంతరిక్ష సేనానికి మా ఆయన గొంతు

టీవీ గొంతు నొక్కేసి బొమ్మలకు మేమే మాటలు చెప్పే అలవాటు మా ఇంట్లో మా ఆయనే మొదలుపెట్టారు.

రాయపూర్ ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని అయిన కొత్తలో మేము బీర్‌గావ్ నుంచి తెలీబంధా చెరువు దగ్గర ఒక సందులోకి మారాం. ఆయనకు ఉర్లాలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసేదాన్ని. మా ఇద్దరి పెద్దవాళ్ళూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనులకు వచ్చినవాళ్ళే. మా అన్నయ్య కూడా రైల్వేలోనే చేసేవాడు. ఆదివారం స్కూటరేసుకుని మా ఇంటికి వచ్చేవాడు. అతనూ మా ఆయనా ఒకరినొకరు ‘బావా’ అనుకుంటూ మధ్యాహ్నమంతా మంచం దిగేవారు కాదు. ఎదురింట్లో ఛత్తీస్‌గఢీ మాస్టారు ఉండేవారు. ప్రభుత్వ పాఠశాలలో సైన్సు చెప్పేవారు. ఆయనకు తెలుగు రాదు. వీళ్ళిద్దరి మాటల్లో తనకు అర్థమైనదానికి నవ్వి, అర్థం కానిదానికి ఇంకా ఎక్కువ నవ్వేవారు.

టీవీలో ఒకే ఛానలు వచ్చే రోజుల్లో ఒక హిందీ సీరియల్ ఉండేది. అంతరిక్ష నౌకలో ఒక సేనాని, అతని సిబ్బంది గ్రహాలన్నీ తిరుగుతుంటారు. కుర్రతనంలో ఈ ముగ్గురూ మూడు ఊళ్ళలో కూర్చుని దాన్నే నోరు తెరుచుకుని చూశారట. మాస్టారు ఎక్కడో ఒక కొట్లో దాని సీడీలు సంపాదించి తెచ్చారు. పెద్దయ్యాక చూస్తే అందులో నౌక తలుపు అట్టది. వేగం పెంచడానికి సేనాని తిప్పే మీట, అచ్చం మా ఇంట్లో ఉన్న ఫ్యాన్ రెగ్యులేటరే. ఏ గ్రహం మీద దిగినా అదే గుహ. ఒక గ్రహపు మహారాణి చేతికి రిస్టువాచీ పెట్టుకుని శాపాలు పెడుతుంది.

ఒక ఆదివారం సీడీలో బొమ్మ కదులుతోంది గానీ మాట రాలేదు. మాస్టారు రిమోటుతో కుస్తీ పడుతుంటే, తెర మీద సేనాని పెదవులు కదిలినప్పుడల్లా మా ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు.

“ఓరి నాయనో, ఇంజను వేడెక్కిపోనాదిరా! బేగి నీళ్ళోయండి! నువ్వేట్రా అలగ నిలబడి సూస్తన్నావు, మీ మావ పెళ్ళికి వచ్చినావేటి?”

అన్నయ్య నవ్వు ఆపుకోలేక మంచం మీద నుంచి కిందికి జారిపోయాడు. మాస్టారు రిమోటు పక్కన పెట్టేశారు. ఆ తర్వాత సీడీ బాగున్నా మేము టీవీ గొంతు పెంచలేదు.

నౌక తలుపు తెరుచుకున్నప్పుడల్లా పక్క నుంచి దాన్ని లాగే ఒక మనిషి చెయ్యి కనిపించేది. సెట్టు మీద పనిచేసే ఎవరిదో పాపం. దానికి వీళ్ళు ‘చెయ్యి గారు’ అని పేరు పెట్టారు. ఆయనకు పెళ్ళయిందా లేదా, ప్రమోషను ఎందుకు రాలేదు అని గంటలకొద్దీ వాదించుకునేవారు. మాస్టారు మాత్రం సైన్సు తప్పులు పట్టేవారు.

“అరే భయ్యా, అంతరిక్ష్ మే ఆవాజ్ హోతీ హీ నహీ! గాలి లేదు కదా, పేలుడు ఎలా వినిపిస్తుంది?” అని హిందీలో మొత్తుకునేవారు.

“మాస్టారూ, మాకు మాట కూడా వినపడ్డం లేదు, పేలుడు గురించి మీకెందుకు?” అనేవారు మా ఆయన.

సేనాని దగ్గర నుంచి మాస్టారు నేర్చుకున్న మొదటి తెలుగు మాట ‘నీ దుంప తెగ’. కొన్నాళ్ళు ఆయన మా గుమ్మం దగ్గర అదే నమస్కారంలా వాడారు. అలా చాలా ఏళ్ళు గడిచాయి. సీడీలు పోయి ఇంటర్నెట్‌లో అవే కథలు దొరికాయి. మాకు పిల్లలు లేరు. ఆదివారాలు ఉన్నాయి.

తర్వాత మా ఆయన గొంతు బొంగురుపోయింది. కొలిమి వేడి, దుమ్ము అనుకున్నాం. “సేనానికి జలుబు చేసినాది” అని అన్నయ్య ఏడిపించాడు. జలుబు నెలల తరబడి పోలేదు. డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, గొంతులో మాట పుట్టే పెట్టెను పూర్తిగా తీసెయ్యాలని, ఆ తర్వాత మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి పీల్చుకోవాలని చెప్పారు. ఆయన వెనక గోడ మీద క్యాలెండరు పోయిన నెలలోనే ఉంది. ఎవరైనా ఆ కాగితం చింపితే బాగుండునని నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చాక మా ఆయన “నీకు అర్థమైందేటి?” అని అడిగారు. “అయింది” అన్నాను. ఆటో మాట్లాడాను.

ఆపరేషను నాగపూర్‌లో. లోపలికి తీసుకెళ్ళే ముందు ఆయన చివరిసారిగా ఏమన్నారని చుట్టాలు నన్ను చాలామంది అడిగారు. స్ట్రెచరు మీద నుంచి తల తిప్పి, “గీజరు ఆపీసినావా?” అన్నారు. ఆపేశానన్నాను. నిజానికి నాకు గుర్తులేదు. ఆ గొంతుతో ఆయన అన్న చివరి మాట అదే. అంతకన్నా గొప్ప మాట ఏదైనా చెబుతానని వాళ్ళు ఎదురుచూసేవారు. చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఇంటికి వచ్చాక పని చాలా ఉండేది. మెడ రంధ్రంలో పెట్టిన గొట్టం తీసి కడగాలి, మళ్ళీ పెట్టాలి. రంధ్రం మీద పలచటి గుడ్డ కట్టాలి. స్నానంలో నీళ్ళు అందులోకి పోకుండా చూడాలి. ఊపిరి ముక్కులోంచి పోదు కాబట్టి ఆయనకు వాసన తెలియడం మానేసింది. ఒకసారి పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్క గదిలో ఆయన ప్రశాంతంగా పేపరు చదువుతున్నారు. వేడి టీని ఊదుకోలేరు కాబట్టి నేనే చల్లార్చి ఇచ్చేదాన్ని. ఇవన్నీ నేను టైపు చేసినట్టే చేశాను. చేతులు వాటంతట అవే వెళ్ళేవి.

అన్నయ్య వరండాలో కూర్చుని ఏడ్చేవాడు. “నువ్వెందుకే ఏడవవు?” అని ఒకరోజు నన్ను కోప్పడ్డాడు. “ఏడిస్తే తేలికవుద్ది.”

“కాళ్ళు పైకెట్టుకో అన్నయ్యా, తుడవాలి” అన్నాను. మొండితనం కాదు. ఏడుపు రాలేదు. అది వచ్చే చోటు ఎక్కడో నాకు తెలియలేదు.

కొన్ని వారాలు ఆదివారాల్లో ఎవరూ టీవీ పెట్టలేదు. మాస్టారు వచ్చి యోగక్షేమాలు అడిగి వెళ్ళిపోయేవారు. ఆఖరికి మా ఆయనే పలక తీసుకుని ‘నౌక పెట్టండి’ అని రాశారు. ఆయన ఎదుట టీవీ మాట ఆపేయడానికి అందరికీ మొహమాటం. మాస్టారు టీవీ గొంతు పెంచే ఉంచారు.

ఆరోజు మేము ఆ సీరియల్‌ను ఎన్నో ఏళ్ళ తర్వాత విన్నాం. సేనానిది సన్నటి గొంతు. ఎవరో గుమాస్తా మాట్లాడినట్టుంది.

“ఈడెవడు?” అన్నాడు అన్నయ్య నెమ్మదిగా.

సేనాని తన వాళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టుకునే ఘట్టం వచ్చింది. అందులో మా ఆయన ఎప్పుడూ, ఎండు నెత్తళ్ళ చేపకూర గిన్నె ఎవరు ఖాళీ చేశారని సిబ్బందిని నిలదీసేవారు. సిబ్బంది తలలు దించుకుంటే మాకు పొట్ట చెక్కలయ్యేది. అసలు అక్కడ సేనాని చెబుతున్నది వేరు. భూమి నుంచి జవాబులు రావడం మానేశాయట. మనం పంపే కబుర్లు వినేవాళ్ళు అక్కడ ఎవరూ మిగల్లేదేమో అంటున్నాడు. అందుకే వాళ్ళు తలలు దించుకున్నారు. అట్ట తలుపు, రెగ్యులేటరు అలాగే ఉన్నాయి. ఎవరమూ నవ్వలేదు. మాస్టారు కథ సగంలో ఆపి, ట్యూషను ఉందని వెళ్ళిపోయారు. ఆదివారం ఆయనకు ట్యూషన్లు ఉండవు.

తర్వాతి వారం అన్నయ్య ధైర్యం చేసి మాట ఆపి, సేనానికి తను గొంతిచ్చాడు. బాధపడుతూ చెప్పాడు. మా ఆయన కాసేపు చూసి, పలక మీద గట్టిగా గీకి చూపించారు. ‘వార్తలు చదువుతన్నావా, శవం దగ్గర కూర్చున్నావా?’

“మరి నువ్వు సెప్పు బావా” అని అనేసి, అన్నయ్య నాలుక కరుచుకున్నాడు.

మా ఆయన నావైపు వేలు చూపించారు.

“నాకు రాదు” అన్నాను. ఆయన వేలు దించలేదు. వంటింట్లో పని ఉంది, తొందరగా అయిపోతే లేచి వెళ్ళొచ్చు అనుకున్నాను. తెర మీద సేనాని పెదవులు కదిలాయి.

“ఎండు నెత్తళ్ళ కూర ఎవలు తిన్నారు?” అన్నాను. ఆఫీసులో ఫైలు అడిగినట్టు అన్నాను. “తిన్నోలు చెయ్యెత్తండి. లేపోతే నౌక ఇక్కడే ఆపీసి అందర్నీ దింపెస్తాను. బస్సులు కూడా రావు.”

ముందు మాస్టారు నవ్వారు. తర్వాత అన్నయ్య. నా ముఖంలో ఏమీ లేకపోవడమే వాళ్ళకు నవ్వు తెప్పించిందని తర్వాత చెప్పారు. మా ఆయన నవ్వు నేను అప్పుడే మొదటిసారి చూశాను, ఆపరేషను తర్వాతది. చప్పుడు లేదు. భుజాలు ఊగాయి. మెడ దగ్గర కట్టిన గుడ్డ గాలికి పైకి లేచి పడింది, లేచి పడింది. ఆ గుడ్డ తడిసింది, మార్చాలి అనుకున్నాను. కథ అయ్యాక మార్చాను.

అలా కొన్ని నెలలు సేనాని పాత్ర నాదే అయింది. ఆదివారం అనగానే వాళ్ళు నాకోసం కుర్చీ వేసి ఉంచేవారు. నేను ఏమన్నా నవ్వేవారు. నాకు మాత్రం ఒక్క మాటకూ నవ్వు రాలేదు. అయినా చెప్పాను.

తర్వాత డాక్టర్లు మెడకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి తెప్పించమన్నారు. చిన్న టార్చిలైటంత ఉంటుంది. దాన్ని దవడ కింద నొక్కిపట్టి పెదవులు కదిపితే, గర్రుమంటూ ఒకే శ్రుతిలో మాట వస్తుంది. హెచ్చులేదు, తగ్గులేదు. ఆయన చాలా రోజులు తలుపేసుకుని సాధన చేశారు. సీరియల్‌లో ఒక మరమనిషి ఉన్నాడు, అతనూ సరిగ్గా అలాగే మాట్లాడతాడు. ఆ మాట మా అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. మాస్టారే ఆగలేకపోయారు.

“భయ్యా, బురా మత్ మాన్‌నా” అని, ఏమీ అనుకోవద్దని చేతులు జోడించి, “మరమనిషి పాత్ర ఇక మీదే కదా?” అని అడిగారు.

అన్నయ్య తల పట్టుకున్నాడు. మా ఆయన యంత్రాన్ని మెడకు ఆనించారు.

“వద్దు. అది అందరూ అనుకునేదే. నాకు మహారాణి వాళ్ళమ్మ కావాలి.”

ఆ సీరియల్ మొత్తంలో ఎక్కువగా ఏడ్చేది ఆ ముసలావిడే. కూతురు చెయ్యి పట్టుకుని, గుహ గోడకు తల ఆనించి, ఎడతెగకుండా శోకాలు పెడుతుంది. మాస్టారు ఆ కథే పెట్టి మాట ఆపారు. మా ఆయన యంత్రంతో ఏడవడం మొదలుపెట్టారు. “ఓ-ల-మ్మో. నా-త-ల్లో. వా-చీ-పె-ట్టు-కు-ని-ఎ-క్క-డి-కె-ళి-పో-త-న్నా-వే.” ఒక్క అక్షరం పైకి లేవలేదు, ఒక్కటి కిందికి దిగలేదు. ముఖం మాత్రం నిజంగా ఏడుపు ముఖం. అన్నయ్యకు నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. మాస్టారు నేల మీద కూర్చుండిపోయి, “బస్ కరో భయ్యా, మర్ జాయేంగే” అని, చచ్చిపోతాం ఆపమని వేడుకున్నారు. నేను సేనానిగా మధ్యలో, “అమ్మా, క్యూలో నిలబడి ఏడవండి” అన్నాను. అది ఎలా వచ్చిందో తెలియదు. వాళ్ళు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. నేను లేచి పాలు పొంగుతున్నాయేమో చూడ్డానికి వెళ్ళాను. స్టవ్ వెలిగించనేలేదు.

ఆ సాయంత్రం వాళ్ళు వెళ్ళాక మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. చెరువు వైపు నుంచి జనం నడక ముగించి వస్తున్నారు. ఆయన యంత్రం తీసి మెడకు ఆనించారు.

“నీకు నామీద కోపమేటి?”

“లేదండీ.”

“ఏడుపొస్తందా?”

“లేదు.”

“మరేటి?”

ఆయనకు అబద్ధం చెప్పాలనిపించలేదు. “ఏటీ లేదు. ఏటీ అనిపించడం లేదు. చాలా రోజులయింది.”

ఆయన యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూశారు. మళ్ళీ మెడకు ఆనించారు.

“నాకూ అంతే. వాళ్ళు నవ్వుతారని సెప్తన్నాను.”

అంతవరకూ ఆయన బాగానే ఉన్నారని, నేనొక్కదాన్నే ఇలా అయిపోయానని అనుకున్నాను. ఆయనకు అలా ఉండడం మంచి విషయం కాదు. కానీ విన్నాక కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాను. ఇద్దరం చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఆయన ఉన్నారు. పరీక్షలకు నాగపూర్ వెళ్ళివస్తుంటాం. ఫ్యాక్టరీ మానేశారు, నేను కూడా ఉద్యోగం మానేశాను. అన్నయ్య రిటైరయ్యాడు. మాస్టారు కూడా. ఆదివారాలు మానలేదు. ఇప్పుడు కొన్ని మాటలకు నాకు కాస్త నవ్వు వస్తుంది, కొన్నిటికి రాదు. ముందులాగా అవుతానని ఎదురుచూడడం మానేశాను.

మొన్నొక ఆదివారం మాస్టారి కోడలు మాతో కూర్చుని చూసింది. పెళ్ళై ఈమధ్యే వచ్చింది. మా ఆయన టీ తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు, నా పక్కకు జరిగి మెల్లగా హిందీలో అడిగింది.

“ఆంటీ, అంకుల్ అసలు గొంతు ఎలా ఉండేది?”

చెబుదామని నోరు తెరిచాను. ఆయన అన్న మాటలన్నీ గుర్తున్నాయి. ఇంజను వేడెక్కడం, నీళ్ళు పోయమనడం. వాటిని యంత్రం గొంతులోనే వినగలిగాను, లేదా నా గొంతులో. అసలుది ఎంత వెతికినా దొరకలేదు. అన్నయ్య వైపు చూశాను. అతను టీవీ చూస్తున్నట్టు నటించాడు.

“మామూలుగానే ఉండేదమ్మా” అన్నాను.

ఆ అమ్మాయి తలూపింది. తెర మీద కొత్త గ్రహం వచ్చింది. ఇది పాత గుహ కాదని మాస్టారు, అదేనని అన్నయ్య వాదించుకోవడం మొదలుపెట్టారు.