పోచయ్య వాకిట్లో చిన్న చంద్రుడు

మర్రిగూడ దగ్గరి మా ఊరికి నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చేనాటికే గొర్లకాపరి పోచయ్య మెడ బిగుసుకుపోయింది. ఫ్లోరైడు బోరునీళ్లు అతని వెన్నును వంచి, ముఖాన్ని నేలవైపు నిలిపేశాయి. గొర్లను అమ్మేశాడు. భార్య సోమమ్మ పోయి ఆరేళ్లు. వాకిట్లోకి వచ్చేవాళ్లను చెప్పులను బట్టి గుర్తుపట్టేవాడు. క్రమంగా ఆ చెప్పులూ తగ్గిపోయాయి.

2023 నవంబరులో సైన్సు టీచరు మల్లీశ్వరి బడికి దూరదర్శిని తెచ్చి, సాయంత్రం ఊరివాళ్లకు గురుగ్రహం చూపించింది. పోచయ్యను పిలవాలని ఎవరికీ తోచలేదు. ఆ తప్పులో బడి పంతులునైన నాకూ భాగముంది. పిలవకుండానే అతడు కర్ర ఊతంతో వచ్చి వరుసలో నిలబడ్డాడు.

"బావా, నీకు మొగులెట్ల కనవడ్తది? చీమల లెక్కవెట్టుకో పో," అన్నాడు ముందుకు తోసుకొస్తున్న జంగయ్య.

"లెక్కవెట్టిన. అవి నీ తీరు నడుమల జొరవడయి."

దూరదర్శిని గొట్టం చివర అద్దం అమర్చిన మలుపు ఉంది. కన్ను ఆనించే చోటు పైకి తిరిగి ఉంటుంది. అప్పుడే గుట్ట అంచు దాటిన ఆ గ్రహాన్ని చూడాలంటే ఎవరైనా తల కిందికి వంచాల్సిందే. మేమంతా వంగాం. పోచయ్యకు ఆ అవసరమే లేకపోయింది.

చాలాసేపు కన్ను తీయలేదు.

"మూడు సుక్కలు దగ్గరున్నయి. ఒక్కటి ఎడంగున్నది. మందల నుంచి తప్పిపోయిందా బిడ్డా?"

"లేదు తాతా. అవి గురుగ్రహం చంద్రుళ్లు. గా దూరపుదాని పేరు కాలిస్టో. పదిహేడు రోజులల్ల పెద్దదాని సుట్టు తిరిగి మళ్ల గాడికే వస్తది."

"వచ్చిననాడు నాకు సూపెట్టాలె."

ఆమె సరేనంది.

మర్నాడు అతని వాకిట్లో ఒక పెద్ద రాయి, దాని చుట్టూ పదిహేడు సున్నపు చుక్కలు వెలిశాయి. రోజూ పొద్దుగూకగానే ఒక గులకరాయిని చుక్క నుంచి చుక్కకు జరిపేవాడు. లెక్క తప్పుతాడేమోనని నేను మూడుసార్లు వెళ్లి పరిశీలించాను. తప్పలేదు.

గడువు నిండిన సాయంత్రానికి దూరదర్శిని నారాయణపేట సైన్సు శిబిరానికి వెళ్లిపోయింది, టీచరూ దానితోనే వెళ్లింది. నేను వెళ్లేసరికి మొదటి చుక్క ఖాళీగా ఉంది. గులకరాయి పోచయ్య గుప్పిట్లో ఉంది.

"వచ్చిందా సార్?"

"లెక్క ప్రకారం వచ్చి ఉండాలి."

"ఉండాలె అంటె సాలదు. మీరు సూసిండ్రా?"

చూడలేదని ఒప్పుకోక తప్పలేదు. మల్లీశ్వరికి ఫోను చేసి అతని చెవి దగ్గర పెట్టాను. ఆమె కాసేపు ఆగమని, చూసి వచ్చి చెప్పింది.

"వచ్చింది తాతా. అప్పటి దిక్కే ఉన్నది, గంతే దూరంల."

"దాని దగ్గర ఇంకెవలన్న ఉన్నరా?"

"లేరు తాతా. ఒక్కటే ఉన్నది."

 పోచయ్య గుప్పిట విప్పి, గులకరాయిని మొదటి చుక్క మీద పెట్టాడు. తర్వాత నా చెప్పులవైపు చూస్తూ అడిగాడు:

"రేపు గూడ వస్తరా సార్?"