తోంగ్‌పాల్ కొండ మీద పది నిమిషాలు

రేపు జగదల్‌పూర్ వెళ్ళి రిజిస్టర్ పోస్టు చేసి వస్తానని మా వదినకు ఒకసారి మాట ఇచ్చాను. చేయలేదు. అది ముప్పై ఏళ్ళ పైమాట. పోయిన నెల మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, "చిన్నాన్నా, అమ్మ పొద్దున పోయింది. నిద్రలోనే" అన్నప్పుడు ఆమె ముఖం కంటే ముందు నాకు ఆ కవరు గుర్తొచ్చింది.

పెద్దకర్మ అయ్యేలోపు, ఆమె ఒకప్పుడు సభ్యురాలిగా ఉన్న రేడియో సంఘం వారు తమ పత్రికలో నాలుగు వరుసల సంతాపం వేశారు. అందులో, "సంసార బాధ్యతల వల్ల తరువాతి కాలంలో హాబీకి దూరమయ్యారు" అని ఉంది. రాసిన కార్యదర్శి ఆమెను ఒక్కసారైనా చూసినవాడు కాదు. సంతాప వాక్యాలలో అబద్ధాలు ఎంత మర్యాదగా సర్దుకుని కూర్చుంటాయో, జీవితమంతా పుస్తకాలు చదివిన నాకు తెలుసు. చాలావాటిని వదిలేశాను. దీన్ని వదలను. ఆమె దూరం కాలేదు, దూరం చేశాం. ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా వదినది రాజమండ్రి. ఆమె తండ్రి ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. కూతురికి అక్షరాలతోపాటే టక్కు టక్కుమని కొట్టే మోర్స్ సంకేతాలు కూడా నేర్పాడట. పెళ్ళినాటికే ఆమెకు ఢిల్లీ వాళ్ళిచ్చిన హామ్ లైసెన్సు ఉంది. హామ్ అంటే పాటలు వినే రేడియో కాదు. ఎవరి సెట్టు వారు పెట్టుకుని, ప్రపంచంలో ఏ మూలో ఉన్న ఇంకొకరితో నేరుగా మాట్లాడుకోవడం. సారెతోపాటు తండ్రి కట్టిచ్చిన సెట్టు కూడా ట్రంకుపెట్టెలో, జగదల్‌పూర్ నుంచి సుక్మా పోయే రోడ్డు మీది మా తోంగ్‌పాల్ వచ్చింది. అక్కడ మాకు కిరాణా దుకాణం, వెనక చింతపండు గోదాము. దుకాణం మా అన్నయ్యది. నేను దానికోసం వారానికోసారి జగదల్‌పూర్ వెళ్ళి సరుకు తెచ్చేవాణ్ణి. మిగతా రోజుల్లో గోదాములో బస్తాల మీద కూర్చుని చదువుకునేవాణ్ణి.

వచ్చిన కొత్తలో ఆమె పొద్దున్నే గోదాము గుమ్మంలో తండ్రి పాత దుర్భిణిని స్టూలుకు కట్టి, సూర్యుడి బొమ్మను తెల్లకాగితం మీద పడేలా చేసి, అందులోని మచ్చలు లెక్కపెట్టేది. మా అమ్మ చూసి చూసి ఒకరోజు అడిగింది.

"ఏందే ఇది, సూర్యునికి ఆటలమ్మ పోసిందా?"

"పోసింది అత్తయ్యా. ఎంత ఎక్కువ పోస్తే మనకంత మంచిది."

మచ్చలు పెరిగిన ఏళ్ళలో పైన గాలిపొరలు అద్దంలా తయారై, రేడియో తరంగాలను తిప్పి చాలా దూరాలకు పంపుతాయట. పదకొండేళ్ళకోసారి అలాంటి కాలం వస్తుంది. అప్పుడు ఎత్తయిన చోట, చుట్టూ కరెంటు తీగల రొద లేని చోట కూర్చుంటే, మా దుకాణంలో వెలిగే బల్బుకు చాలనంత కరెంటుతో సముద్రాలు దాటి మాట్లాడవచ్చు. అందుకే మా ఊరి వెనక కొండ ఆమె కంటికి ఆనింది. కొండ మీద సెట్టు పెట్టుకుంటున్నానని ఢిల్లీకి ముందే కాగితం రాసి, అక్కడినుంచి సరేనని జవాబు వచ్చాకే ఎక్కింది. ఆమె అలాంటి మనిషి.

మొదటిసారి ఎక్కినప్పుడు మాకు చింతపండు అమ్మే ధుర్వా తెగ దాదా ఒకాయన జీపు బ్యాటరీని కావడిలో మోశాడు. నేను వెదురు గడ మోశాను. ఆమె సెట్టును ఎవరికీ ఇవ్వలేదు, పాత చీరలో చుట్టి చంకన పెట్టుకుంది. పైన రాతి నేల మీద వెదురు గడ నిలబెట్టి, దాన్నుంచి ఇప్పచెట్టు కొమ్మకు తీగ కడుతుంటే దాదా చుట్ట ఆర్పి, పిట్టలు పడుతున్నావా అని అడిగాడు.

"చిడియా పకడ్‌తీ హో క్యా, బాయీ?"

"అవును దాదా," అని ఆమె అతని భాషలోనే నవ్వుతూ ఏదో అంది. మాటలు పట్టే వల అని చెప్పానని నాకు తర్వాత చెప్పింది. రెండేళ్ళలో ఆమెకు అక్కడి హల్బీ భాష మా అన్నయ్య కంటే బాగా వచ్చింది.

ఆ పొద్దు ఎలాంటిదో ఇప్పటికీ చెప్పగలను. మంచు కింద లోయలోనే ఆగిపోయింది. రోడ్డు మీద సుక్మా బస్సు పైకప్పు మాత్రం కనిపించి మాయమైంది. ఆమె చెవులకు ఫోన్లు తగిలించుకుని పది నిమిషాలపాటు మోర్స్ కొట్టే మీట ముట్టుకోలేదు. వినడమే. "ముందు విను, తర్వాత నొక్కు" అనేది. తర్వాత నొక్కింది. వరసగా జపాను, సైబీరియా, ఎర్రసముద్రంలో పోతున్న ఒక ఓడ. వచ్చిన ప్రతివాడూ పేరుకు బదులు వాడే అక్షరాల గుర్తూ, వాడికి తను ఎంత గట్టిగా వినబడిందో, తనకు వాడు ఎంత గట్టిగా వినబడ్డాడో అంకెల్లో నోటుబుక్కులో రాసేది. ఈ రెండు అంకెలూ అటూ ఇటూ అంది, అందాయని ఇద్దరూ మళ్ళీ చెప్పుకుంటేనే వాళ్ళ లెక్కలో కలిసినట్టు. సగం అందితే కలవనట్టే. ఎంత బతిమాలినా ఆమె పుస్తకంలో అలాంటిది ఎక్కదు. "విననిది రాయకు" అనేది నాతో.

నాతో ఎందుకంటే, నేనూ నేర్చుకున్నాను. రెండుసార్లు నాగపూర్ వెళ్ళి మోర్స్ పరీక్ష రాశాను. రెండుసార్లూ తప్పాను. ఆమె నా కాగితాలు చూసి మొహమాటం లేకుండా చెప్పింది.

"నువ్వు వినవు. రెండక్షరాలు వినగానే మిగతాది నీ బుర్రలోంచి రాసేస్తావు. ఎక్కువ చదివినవాళ్ళకి వచ్చే జబ్బు ఇది."

నిజమే. నిజం కాబట్టే మండింది. లైసెన్సు రాలేదు కనక నన్ను మీట తాకనిచ్చేది కాదు. కొండకు బ్యాటరీ మోసే రోజుల్లో ఆ మంట నాతోపాటే ఎక్కేది.

ఆమె నోటుబుక్కులో ఎక్కనివాడు ఒకడున్నాడు. దక్షిణాన మహాసముద్రం మధ్య ఒక చిన్న ద్వీపంలో బడిపంతులు. కారు బ్యాటరీతో, కొబ్బరిచెట్టుకు కట్టిన తీగతో పంపేవాడు. వరసగా రెండు చలికాలాలు ఒకరినొకరు పట్టుకోబోయి జారవిడుచుకున్నారు. అతని గుర్తు ఈమెకు అందేది, ఈమె ఇచ్చిన అంకె అతనికి అందేలోపు అల వెనక్కి పోయేది. ఉత్తరాలు రాసుకున్నారు. ఒక్కో ఉత్తరానికి నెలన్నర పట్టేది. ఈ ఏడు సూర్యుడు మనవైపున్నాడు, ఫలానా ఆదివారం మీ ఏడున్నరకు నేను పది నిమిషాలు పిలుస్తాను, ఒక నిమిషం పిలిచి ఒక నిమిషం వింటాను, అని అతను రాశాడు. అలా ఇచ్చిన సమయం వాళ్ళలో ఒట్టు లాంటిది. ఆమె దుకాణం క్యాలెండరులో ఆ ఆదివారానికి పసుపు బొట్టు పెట్టింది.

ఆ ఏడు వానల ముందే ఆమె లైసెన్సు గడువు దగ్గరపడింది. కాగితం నింపి, కవరు అంటించి నా చేతికిచ్చింది.

"రేపు వెళ్తున్నావుగా. రిజిస్టర్ చెయ్యి బాబూ. మర్చిపోవుగా?"

"మర్చిపోతనా వదినా? రేపే చేస్త."

ఆ సాయంత్రం దుకాణం మూస్తూ మా అన్నయ్య నన్ను పక్కకు పిలిచాడు. ఆయనకు లైసెన్సు అంటేనే గిట్టదు. లైసెన్సు కొత్తది చేయించినప్పుడల్లా థానా నుంచి పోలీసులు విచారణకు వచ్చేవారు.

"ఆ కవరు డబ్బాల ఎయ్యకు."

"ఎందుకన్నా?"

"ఎందుకేంది? ఒచ్చినోళ్ళు చాయ్ తాగి ఊకె పోతున్నరా? గోదాము మొత్తం కలె దిరిగి పోతున్నరు. ఊళ్ళె ఆడోళ్ళతోని మాట్లాడనీకి దీనికి తీరదు గని, సముద్రమవతలోనితోని టక్కు టక్కు మాటలేందిరా? గడువైతె అదే సల్లగైతది."

నేను దుకాణం తలుపుకు తాళం వేశాను. మర్నాడు జగదల్‌పూర్‌లో పోస్టాఫీసు మెట్ల దాకా వెళ్ళాను. కిటికీ దగ్గర నలుగురే ఉన్నారు. నిలబడి, వెనక్కి తిరిగాను. అన్నయ్య చెప్పాడని తిరిగాననుకుంటూ వచ్చాను చాలా ఏళ్ళు. కానీ ఆ మెట్ల మీద నా మనసులో అన్నయ్య లేడు. నాగపూర్‌లో తప్పిన రెండు కాగితాలున్నాయి. కవరును ఆ రోజుల్లో చదువుతున్న ఒక లావుపాటి చరిత్ర పుస్తకంలో పెట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ పూర్తి చేయలేదు.

ఆమె "అయిందా?" అంది. "అయింది" అన్నాను. అంతే. రసీదు అడగలేదు.

పసుపు బొట్టు ఆదివారానికి వారం ముందు, లైసెన్సు ఇంకా రాలేదేమని ఆమె రాసిన జాబుకు ఢిల్లీ నుంచి జవాబొచ్చింది. దరఖాస్తు తమకు చేరలేదు, గడువు ముగిసింది, మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. ఆమె దాన్ని రెండుసార్లు చదివి మడిచింది.

"పోస్టులో పోయినట్టుంది" అంది.

నేను తల ఊపాను. ఆ తప్పును ఊరూ పేరూ లేని పోస్టుమాన్ ఎవరో ముప్పై ఏళ్ళు మోశాడు.

ద్వీపంలోని మనిషికి కబురు పెట్టే వ్యవధి లేదు. అయినా ఆ ఆదివారం ఆమె కొండెక్కింది. "పిలుస్తానన్నాడు. జవాబివ్వలేకపోయినా వినాలిగా" అంది. పంపే భాగం, వినే భాగం ఒకే డబ్బాలో ఉండేవి కనక సెట్టంతా వచ్చింది. మీట కూడా వచ్చింది, పెట్టెలోనే ఉండిపోయింది.

అంత మంచి పొద్దును నేను మళ్ళీ చూడలేదు. ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. ఏడున్నరకు ఆమె చెవి ఫోన్లు పీకేసి స్పీకరు పెట్టింది. అతను వచ్చాడు. రెండేళ్ళు గాలిలో దారం ముక్కలా దొరికిన ఆ చప్పుడు, పక్కరాయి మీద కూర్చుని కొడుతున్నట్టు, ఖణఖణమని వచ్చింది. ఆమె గుర్తునే పిలుస్తున్నాడు. ఒక నిమిషం పిలిచాడు. ఆగాడు.

ఆ నిమిషం మాది. సెట్టులో సన్నటి గాలి రొద తప్ప ఏమీ లేదు.

"బులా రహా హై న, బాయీ?" అన్నాడు దాదా. అతనికి మోర్స్ రాదు. అయినా పిలుస్తున్నాడని తెలిసిపోయింది. "జవాబ్ దే దో."

"ఒక్కసారి నొక్కు వదినా," అన్నాను. "ఈ కొండ మీద ఎవనికి తెలుస్తది?"

"నాకు తెలుస్తుందిగా." నా వైపు చూడలేదు. "రేపు ఆయనకీ తెలుస్తుంది. లైసెన్సు లేనిదానితో మాట్లాడానని తన పుస్తకంలోంచి నన్ను కొట్టేసుకోవాలి. అదెందుకు?"

అతను మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఆగాడు. అప్పుడు చూశాను. ఆమె ఒళ్ళో టిఫిన్ క్యారియరు మూత ఉంది. దాని మీద చూపుడువేలి గోరుతో కొడుతోంది. పరీక్ష తప్పిన నాకు కూడా అర్థమైంది, అంత నిదానంగా కొట్టింది. మొదట అతని గుర్తు. తర్వాత తనది. నువ్వు చాలా బాగా వినబడుతున్నావు అనే అంకె. అక్కణ్ణుంచి అతను ఆగిన ప్రతి నిమిషంలోనూ, నాలుగుసార్లూ, పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా కొట్టింది. ఆ చప్పుడు దాదా కూర్చున్న రాయి దాకా కూడా పోలేదు. పదో నిమిషం అయ్యాక అతను సెలవు చెప్పే రెండంకెలు కొట్టి వెళ్ళిపోయాడు. ఆమె మూత తిప్పి క్యారియరుకు పెట్టింది. "ఉప్మా చల్లారిపోయింది, తినండి" అంది.

నేను తిన్నాను కూడా.

లైసెన్సు కోసం మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది. ఈసారి కాగితం నాకివ్వలేదు, తనే వెళ్ళి పంపింది. విచారణకు వచ్చిన థానేదారు కుర్చీలో వెనక్కి వాలి, ఇంటి ఆడదానికి వైర్‌లెస్ ఎందుకని మా అన్నయ్యనడిగాడు: "సేఠ్, ఘర్ కీ ఔరత్ కో వైర్‌లెస్ క్యోం చాహియే?" అన్నయ్య నవ్వి, "అక్కర్లేదు సాబ్, రహ్నే దీజియే" అన్నాడు. ఆమె లోపల చాయ్ వడగడుతోంది. లైసెన్సు మళ్ళీ రాలేదు. తర్వాతి కాలంలో అడవుల్లో దళాలూ పోలీసులూ తుపాకులతో తిరగడం మొదలై, మా వైపు కొండల మీద వైర్‌లెస్ అనే మాటే ఎవరూ పైకి అనలేని రోజులొచ్చాయి. అదీ, కార్యదర్శిగారూ, సంసార బాధ్యత.

ఆమె అతనికి ఉత్తరం రాసింది. నువ్వు నాకు బ్రహ్మాండంగా వినబడ్డావు, లైసెన్సు పోయినందువల్ల జవాబివ్వలేదు, అని. అతను కార్డు పంపాడు. కొబ్బరిచెట్టు బొమ్మ కార్డు. దాని వెనక రెండు గళ్ళున్నాయి. అతను ఆమెకు వినబడ్డ అంకె వేయవలసిన గడి నిండి ఉంది. ఆమె అతనికి వినబడ్డ అంకె వేయవలసిన గడి ఖాళీగా ఉంది. అతనూ విననిది రాయని మనిషే.

మొన్న మా అన్నయ్య కొడుకు ఆమె ట్రంకుపెట్టెను నా దగ్గరకు పంపాడు. పైన ఆ కార్డు, కింద నోటుబుక్కు. తర్వాత ఎన్ని ఏళ్ళు ఎక్కగలిగిందో అన్ని ఏళ్ళూ, అదే ఆదివారం, వినడానికి మాత్రమే ఎక్కింది. రెండేళ్ళు "విన్నాను. జవాబివ్వలేదు" అని ఉంది. మూడో ఏటినుంచి "వినబడలేదు" అని ఉంది. ఆ రోజుల్లో కొండ మీద వాతావరణం ఎలా ఉందో కూడా రాసింది: బాగుంది, బాగుంది, చాలా బాగుంది.

కార్యదర్శికి ఈ కాగితంతో సరి. థానేదారు ఎక్కడున్నాడో తెలియదు. మా అన్నయ్య పోయి పన్నెండేళ్ళయింది. ఆయన మీద కోపం నాతోపాటే ముసలిదై, ఒకరోజు వెతికితే కనబడలేదు. నా సంగతి నేను పైన దాచకుండా రాశాను.

ఇంకొకరు మిగిలారు. జపానువాడు చెప్పినా, ఓడవాడు చెప్పినా, మళ్ళీ చెప్పించుకుని ఖరారు చేసుకోనిదే పుస్తకంలో ఎక్కించని మనిషి, నేను "అయింది" అన్న ఒక్క మాటను అలాగే ఎక్కించుకుంది. ఆ రోజు చెయ్యి చాపి "రసీదేది?" అని ఉంటే మర్నాటి బస్సుకే పరుగెత్తేవాణ్ణి. అడగలేదు. కొండ మీద అడగలేదు, ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అడగలేదు. పైగా, ఆమె పోయిందని చెప్పిన రోజు ఫోను పెట్టేసే ముందు మా అన్నయ్య కొడుకు అన్నాడు: "నీ గురించి అమ్మ ఎప్పుడూ అంటుండె చిన్నాన్నా, మా మరిది చేస్తనన్నడంటే చేసినట్టే అని."

మధ్యాహ్నాలు ఇల్లు సద్దుమణిగాక, టిఫిన్ మూత మీద ఆ గోరు చప్పుడు నాకు స్పష్టంగా వినబడుతుంది. ఇప్పుడు ఊహించి రాయడం లేదు, వింటున్నాను. విన్నప్పుడల్లా నేను నిందించేది ఒక్కరినే. నన్ను అంత తేలిగ్గా నమ్మినందుకు, మా వదినని.